కదలని అంకె

నవ్వును సాక్ష్యంగా ఎవరు ఒప్పుకుంటారు? సంతకాన్ని ఒప్పుకుంటారు, వేలిముద్రను ఒప్పుకుంటారు, యంత్రం రాసిపెట్టిన అంకెనైతే కళ్లు మూసుకుని ఒప్పుకుంటారు. ఒక మనిషి నవ్విన తీరు బాగాలేదని, అందుకే బటన్ నొక్కానని చెబితే మాత్రం ముందు చెప్పిన మనిషి మొహం వంక చూస్తారు. తర్వాత వయసు అడుగుతారు, చదువు అడుగుతారు, చివరికి ఆ పొద్దున ఏమైనా తిన్నావా అని కూడా అడుగుతారు. గ్రేస్‌ను నిజంగానే అడిగారు. ఉప్మా తిన్నానని రిపోర్టులో రాసింది కూడా.

గ్రేస్ ఎక్కిన ఆటో కరీంనగర్ దాటి జమ్మికుంట రోడ్డు మీద పత్తి లారీల వెనక మెల్లగా పోతోంది. పక్కన బాపు మొగిలి ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చున్నాడు. సంచిలో తువ్వాలలో చుట్టిన వస్తువు ఏదో ఉంది. మందమర్రిలో మొదటి బస్సెక్కిన దగ్గర్నుంచి దాన్ని కింద పెట్టలేదు. ఏముందని రెండుసార్లు అడిగింది. "నీకెందుకు, నీ కాయితాలు నువ్వు చూసుకో" అన్నాడు.

కాగితాలు చూసుకోవడానికి ఏం మిగల్లేదు. పంతొమ్మిది రోజులుగా చూస్తూనే ఉంది. ఆ రోజు పరీక్ష కోసం విక్రాంత్ అనే అతను చాంబర్‌లో ఉన్నాడు. అంతరిక్ష నౌకలోంచి మనిషి బయటి శూన్యంలోకి అడుగుపెట్టే ముందు కూర్చునే చిన్న గది ఉంటుంది కదా, ఆ గదికి నేల మీద కట్టిన నకలు అది. లోపల గాలి ఒత్తిడిని నెమ్మదిగా తగ్గిస్తారు, ఆ తగ్గిన గాలిలో ఆక్సిజన్ పాలు పెంచుతారు. అలా గంటల తరబడి కూర్చుంటేనే రక్తంలోని నైట్రోజన్ కొంచెం కొంచెంగా వెళ్లిపోతుంది. తొందరపడితే అదే నైట్రోజన్ ఒంట్లో సోడా పొంగినట్టు పొంగుతుంది. ఎప్పుడు ఏ గాలి ఎంత వదలాలో చూసుకునేది గ్రేస్ పనిచేసే కంపెనీ సాఫ్ట్‌వేర్. ఆరో గంటలో తెర మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. విక్రాంత్ మైకులో తన చిన్నప్పటి కోడిపుంజు కథ ఏదో చెబుతూ నవ్వాడు. ఆగాల్సిన చోట ఆగలేదు ఆ నవ్వు. బయట కన్సోల్ ముందు కూర్చున్న గ్రేస్ చెయ్యి, పరీక్షను ఆపే హోల్డ్ బటన్ మీద పడింది. చాంబర్ మామూలు గాలికి వచ్చింది, తలుపు తెరుచుకుంది, పరీక్ష రద్దయింది. విక్రాంత్ నిక్షేపంగా నడుచుకుంటూ బయటికొచ్చి ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాడు.

పోయిన వారం సమీక్షకు వచ్చిన డాక్టర్ జానకీబాయి ఒకే ప్రశ్న వేసింది. "అన్నీ పచ్చగుంటే నువ్వేం చూసినవ్ బేటా?" గ్రేస్ వారం గడువు అడిగింది. ఆ వారం ఇవాళ్టితో అయిపోయింది. పది గంటలకు జవాబు చెప్పలేకపోతే కన్సోల్ ముందు కూర్చోవడానికి ఆమె పనికిరాదని ఫైల్లో రాస్తారు. అది ఒక సంగతి. మధ్యాహ్నం రెండు గంటలకు అదే సాఫ్ట్‌వేర్‌తో విక్రాంత్ మళ్లీ లోపలికి పోతాడు. అది అసలు సంగతి.

ఆ నవ్వు తనకెలా తెలుసు? దీన్ని ఎన్నిసార్లు తవ్వుకుందో. ఏడేళ్ల వయసులో, కాలనీ క్వార్టర్లో, తనను కన్న అవ్వ రిబ్కమ్మ ఒడిలో నిద్రపోతున్నట్టు నటిస్తూ విన్న మాటలు. బాపు గనిలో సర్దార్. షిఫ్టు మొదలవక ముందే లోపలికి పోయి గాలి చూసి రావడం ఆయన పని. మొండయ్య అనే మనిషి గాలి ఆడని పాత దారిలో నాలుగడుగులు ముందుకు పోయి ఊరికే నవ్వడం మొదలుపెట్టాడట. "గట్ల నవ్విండే రిబ్కా, పెండ్లిల నవ్వినట్టు. కాలర్ పట్టి గుంజుకొచ్చిన. మూడు రోజులు నన్ను తిట్టిండు." ఇరవై ఏళ్లు ఆ మాట ఆమెలో ఎక్కడ పడుకుందో తెలియదు. చెయ్యి లేచాకే అది లేచింది. మరి అది జ్ఞానమా, భయమా? తనదా, బాపుదా? చిన్నప్పుడు విన్న ఒక గొంతు వచ్చి తన చేత బటన్ నొక్కిస్తే, నొక్కింది తనేనని చెప్పుకోవచ్చా?

"దిగు బిడ్డా," అన్నాడు మొగిలి. "వచ్చినం."

*

కంపెనీ షెడ్డు ఒకప్పుడు పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగ్ మిల్లు. కంపెనీ యజమాని వంశీధర్‌రావు తాతల నాటిది. యంత్రాలు పోయాయి గానీ దూది పీచు పోలేదు. పైరేకుల సందుల్లో, స్విచ్చుబోర్డుల వెనక, పక్క మిల్లు నుంచి గాలికి కొట్టుకొచ్చి కిటికీ జాలీల్లో, అంతటా సన్నటి తెల్లటి పీచు. పొద్దున్నే రాగానే సెన్సర్ల గొట్టాలను కంప్రెసర్ గాలితో ఊదడం అక్కడ దేవుడికి దండం పెట్టుకున్నంత నియమం. ఏది పనిచేయకపోయినా "పీచు పట్టింది" అంటారు. ఫ్యాను తిరక్కపోయినా అంతే, వంశీధర్‌రావు చాయ్ ఆలస్యమైనా అంతే.

జానకీబాయి అప్పటికే వచ్చి కూర్చుంది. ఆదిలాబాద్ మనిషి. పెద్దాసుపత్రుల్లో ముప్ఫై ఏళ్లు పనిచేసి, ఇప్పుడు పరీక్షలు చేయించే సంస్థ తరఫున మనుషుల భద్రత చూసే కమిటీకి పెద్ద. నెరిసిన జుట్టు గట్టిగా ముడి వేసుకుంది. ముందు ప్లేట్లో బిస్కెట్లు తాకలేదు. విక్రాంత్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. గ్రేస్‌ను చూసి చూపు తిప్పుకున్నాడు.

వంశీధర్‌రావు మొగిలిని చూసి లేచాడు. "రాండ్రి పెద్దాయనా, కూసోండ్రి. ఏంది, బిడ్డకు వకీలుగ వచ్చిన్రా?"

"వకీలును కాదు సార్. తోడొచ్చిన." మొగిలి కుర్చీ అంచున కూర్చున్నాడు, సంచి ఒళ్లోనే.

"చెప్పు గ్రేస్," అంది జానకీబాయి.

గ్రేస్ కాగితం ముందుకు తోసింది. గొంతు వణకకూడదనుకుంది, వణికింది. వణికినా సరేలెమ్మని మొదలుపెట్టింది.

"లోపల ఆక్సిజన్ చూసే సెన్సర్లు మూడు. ఒకటి, రెండు ఒకే డేటా బాక్సు నుంచి కంప్యూటర్‌కు వస్తయి. మూడోదానికి వేరే వైరు. మూడిట్ల రెండు ఒకటే మాట చెప్తే సాఫ్ట్‌వేర్ గదే నమ్ముతది, మూడోదాన్ని పక్కకు పెడ్తది. గా రోజు నేను హోల్డ్ నొక్కకముందు పదకొండు నిమిషాలు చూడుండ్రి. ఒకటోది ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది ఒకటి మూడు. రెండోది ఇరవై ఆరు పాయింట్ ఎనిమిది సున్నా తొమ్మిది. పదకొండు నిమిషాలు గవే అంకెలు. ఒక్క పాయింటు కదలలే."

"కదలకుంటె మంచిదే గద," అన్నాడు వంశీధర్‌రావు. నొప్పించాలని కాదు, నిజంగానే అలా అనుకుంటూ. "గాలిని అంత నిలకడగ పెట్టిందంటె సాఫ్ట్‌వేర్ మంచిగ పనిచేసినట్టు."

"ముందు ఐదు గంటలు ఎందుకు కదిలినయి సార్ మరి? చివరి అంకె సెకనుకోసారి మారుతనే ఉన్నది."

"మూడోది ఏం చెప్పింది?" అడిగింది జానకీబాయి.

"ఇరవై ఆరు. ఇరవై నాలుగు. ఇరవై ఒకటి. నేను బటన్ నొక్కినప్పుడు పదహారు."

విక్రాంత్ నవ్వాడు. ఈసారి మామూలు నవ్వే. "పదహారైతే నేను సోయి తప్పి పడిపోవాలె. పడ్డనా? జిందగీల ఎన్నడు అంత హుషారుగ లేను నేను. గంట ఆగితే అయిపోతుండె. గీమె చెయ్యి ఆగలే."

"మూడోదానికి పీచు పట్టింది," అన్నాడు వంశీధర్‌రావు. "పట్టిందని లాగ్‌బుక్కుల రాసి కూడ ఉన్నది. సాయంత్రం ఊదినం, మంచిగైంది. డాక్టరమ్మా, గీ షెడ్డుల గిది కొత్త కాదు."

అదీ సంగతి. పీచు అన్న మాట వచ్చాక ఆ షెడ్డులో ఇంక మాట ఉండదు. గ్రేస్‌కు అది ముందే తెలుసు. తను కూడా రెండేళ్లుగా అదే మాట అంది. ఒక జవాబు ఎన్నోసార్లు నిజమైతే ఎవరూ ప్రశ్న దాకా పోరు. రెండు సెన్సర్లు ఒక మాట, ఒకటి ఒక మాట. మూడోదాని వంక చూస్తే ఆమెకు తన మొహమే కనిపించేది ఈ పంతొమ్మిది రోజులూ.

మొగిలి కుర్చీ అంచు నుంచి ముందుకు జరిగాడు. 

"సార్, ఒక మాట అడగొచ్చునా? తెలువక అడుగుతున్న."

"అడుగుండ్రి."

"గా అంకె ఎప్పటిది?"

"ఎప్పటిదంటే?"

"మా బొగ్గుబాయిల నేను గాలి చూసొచ్చినంక పైకప్పు మీద చాక్‌పీసు తోటి రాస్తుంటి. నా పేరు, తారీఖు, టైము. ఎన్కచ్చెటోడు గది చూసే ముందటికి పోతడు. నిన్నటి తారీఖు ఉంటె పోడు. గాలి మంచిగున్నదని రాసి టైము రాయకుంటె, గది రాయనట్టే లెక్క. మరి గా డబ్బల గాలి మంచిగున్నదని రాసిందెవరో మీకు తెలుసు. ఎప్పుడు చూసి రాసిండో తెలుసునా?"

వంశీధర్‌రావు చూపు తెర మీదికి పోయింది, తెర మీంచి తన చేతుల మీదికి వచ్చింది. ఆయన మొహంలో ఏదో వెనక్కి నడుస్తూ పోవడం గ్రేస్‌కు కనిపించింది. ఆరేళ్లు వెనక్కి. ఆ భాగం ఆయనే రాశాడు, కంపెనీలో ఇద్దరే ఉన్న రోజుల్లో.

"కంప్యూటర్ టైము రాస్తది," అన్నాడు నెమ్మదిగా. "కంప్యూటర్ తను రాసుకున్న టైము. సెన్సర్ పంపిన టైము... లేదు."

"సెన్సర్ ఏం పంపకుంటే?" జానకీబాయి ముందుకు వంగింది.

 గ్రేస్‌కు జవాబు తెలుసు. తనే చెప్పేయొచ్చు. చెప్పలేదు. ఒక మనిషి తన తప్పు దాకా తన కాళ్లతో నడిచి పోతుంటే వెనక నుంచి తొయ్యకూడదనిపించింది.

"పీచు వల్ల," అన్నాడు వంశీధర్‌రావు. "కొత్తల్ల కనెక్టర్లలో పీచు పడి సెకను, రెండు సెకన్లు లైను పోయేది. పోయినప్పుడల్ల అలారం. రోజుకు నలభై సార్లు మోగేది. పరేషాన్ అయిపోయినం. గందుకే రాసిన. కొత్త అంకె రాకుంటె పాతదే పెట్టుకొని నడువు అని. గా పాత అంకె జర ఎక్కువుంటె, తగ్గియ్యనీకి నైట్రోజన్ వదుల్తనే పోతది." గ్రేస్ కాగితం మీది కదలని అంకె మీద వేలు పెట్టాడు. "ఒక్క సెకను కోసం రాసిన. ఎన్ని సెకన్లో రాయలే."

 పక్క మిల్లులో మిషన్ తిరిగే చప్పుడు గోడలోంచి వస్తోంది.

"గది ఊహనే," అన్నాడు విక్రాంత్, కానీ గొంతులో మునుపటి బిరుసు లేదు. "రాసి ఉన్నది సరే. గా రోజు గట్లనే అయిందని ఎట్ల చెప్తరు? పీచు పట్టలేదని ఎట్ల చెప్తరు?"

మొగిలి సంచి ముడి విప్పాడు. తువ్వాల మడత మీద మడత తీశాడు. ఇత్తడి అడుగు, మధ్యలో గాజు, పైన ఇనుప టోపీ. రిటైరైన రోజు తోటివాళ్లు దండ వేసి ఇచ్చిన సేఫ్టీ ల్యాంప్, గనిలో గాలి చూసే దీపం. షోకేసులో యేసు పటం పక్కన ఉండేది. అవ్వ ప్రతి ఆదివారం చర్చికి పోయే ముందు తుడిచేది.

"గిది తెచ్చినవా బాపు?"

"మనిషిని లోపలికి పంపుతరంటివి. నేను చూడకుండ ఎట్ల పంపుతరు?" అన్నాడు మొగిలి, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు. ఆయన రిటైరై ఏడేళ్లయింది. తన కూతురు పనిచేసే చోట రెండు గంటలకు ఒక మనిషి లోపలికి దిగుతున్నాడు, ఆ గాలి ఎవరూ చూడలేదు. ఆయనకు తెలిసింది అంతే. దానికోసం వంద కిలోమీటర్లకు పైగా దీపం పట్టుకుని వచ్చాడు.

గ్రేస్‌లో ఏదో కుదురుకుంది. పంతొమ్మిది రోజులుగా నోట్లో నానుతున్న మాట చటుక్కున బయటికొచ్చింది.

"డాక్టరమ్మా, ఖాళీ చాంబర్ల చేసి చూపిస్త. ఇప్పుడే."

"లోపల నిప్పా?" జానకీబాయి కళ్లు పెద్దవి చేసింది. "ఆక్సిజన్ ఎక్కువుంటది కద!"

"ఎక్కువ పెట్టం. మామూలు గాలి, మామూలు ఒత్తిడి. మామూలు గాలిల ఆక్సిజన్ నూటికి ఇరవై ఒకటి. దాన్ని ఇరవైకి తెమ్మని సాఫ్ట్‌వేర్‌కు చెప్త. అది కొంచెం గాలి బయటికి వదిలి కొంచెం నైట్రోజన్ లోపలికి వదుల్తది. ఇరవై రాంగనే ఆపాలె. మొదలుపెట్టినంక నడుమ డేటా బాక్సు వైరు పీకుత. అది ఆగుతదా, ఆగదా చూద్దాం."

జానకీబాయి మొగిలి వంక చూసింది. "మీ దీపం ఎప్పుడు ఆరిపోతది?"

"మనిషికి జర ముందుగాల, డాక్టరమ్మా. గందుకే మేం బతికున్నం."

"బరోబర్," అందామె. మొదటిసారి నవ్వింది. "కానియ్యండి."

*

దీపం వెలిగించడానికి మొగిలి ఎవరి సాయమూ తీసుకోలేదు. గాజు తుడిచాడు, వత్తి సరిచేశాడు, మంటను చిటికెన వేలి గోరంత చేశాడు. చాంబర్ మధ్యలో స్టూలు మీద పెట్టి బయటికొచ్చాడు. గ్రేస్ తలుపు బిగించింది. గుండ్రటి అద్దంలోంచి లోపల పసుపు మంట నిటారుగా కనిపిస్తోంది.

కన్సోల్ ముందు కుర్చీ. పంతొమ్మిది రోజుల తర్వాత అందులో కూర్చుంది. ఇరవై అని కొట్టి మొదలుపెట్టింది. నైట్రోజన్ బుస్సుమంది. తెర మీద మూడు అంకెలు పచ్చగా, మూడూ మిణుకుమిణుకుమంటూ మారుతున్నాయి. ఇరవై పాయింట్ తొమ్మిది. ఎనిమిది. చివరి అంకె కుదురుగా ఉండటం లేదు, ఊపిరి తీసుకుంటున్నట్టుంది.

వైరు పీకడానికి లేవబోయింది.

"ఆగు," అన్నాడు వంశీధర్‌రావు. "నేనే పీకుత."

డేటా బాక్సు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ ప్యాంటుకు పీచు అంటుకుంది. చూసుకోలేదు. వైరు పట్టుకుని ఒక్క క్షణం అలాగే ఉన్నాడు, పీకాడు.

తెర మీద ఏమీ కాలేదు.

ఏమీ కాకపోవడమే భయంగా ఉంది. అలారం లేదు, ఎర్ర గీత లేదు. ఒకటోది ఇరవై పాయింట్ ఎనిమిది. రెండోది ఇరవై పాయింట్ ఎనిమిది. రెండూ పచ్చగా, హాయిగా, శిలాశాసనంలా. మూడోది దిగడం మొదలుపెట్టింది. ఇరవై. పంతొమ్మిదిన్నర. ఇరవై దగ్గరే ఆగాల్సిన నైట్రోజన్ ఆగలేదు. పంతొమ్మిది కాగానే సాఫ్ట్‌వేర్ మూడోదాని మీద బూడిద రంగు పులిమి పక్కన రాసింది: పనిచేయడం లేదు.

"పనిచేసేది గదొక్కటే," అంది గ్రేస్, ఎవరితోనూ కాదు.

ఇప్పుడు ఎవరూ తెర చూడటం లేదు. అందరూ అద్దం దగ్గరికి చేరారు. నైట్రోజన్ బుస్సుమంటూనే ఉంది. మంట పొట్టిదైంది. అంచుల్లో పసుపు పోయి మసకబారింది. విక్రాంత్ నుదురు అద్దానికి ఆనించి చూస్తున్నాడు. ఊపిరి తగిలి అద్దం మసకైతే చేత్తో తుడుస్తున్నాడు. మంట వత్తి మీద వంగింది, ఒకసారి పైకి లేచింది, మళ్లీ వంగింది.

ఆరిపోయింది. వత్తి మీద చిన్న ఎర్ర చుక్క మిగిలింది, అది కూడా పోయింది.

గ్రేస్ వెనక్కి తిరిగి తెర చూసింది. పచ్చగా, ఇరవై పాయింట్ ఎనిమిది.

హోల్డ్ నొక్కింది. బుస్సుమనే చప్పుడు ఆగింది, ఫ్యాన్లు తిరిగాయి, మామూలు గాలి లోపలికి పోయింది. షెడ్డంతా ఒకేసారి ఊపిరి వదిలినట్టయింది.

విక్రాంత్ అద్దం దగ్గర్నుంచి కదల్లేదు. అక్కడి నుంచే అన్నాడు. "నాకు గా రోజు మస్తు మంచిగ అనిపించింది డాక్టరమ్మా. ఒట్టు. ఏ బాధ లేకుండె. గా కోడిపుంజు కథ అంత నవ్వొచ్చే కథ కూడ కాదు."

"అదే బేటా," అంది జానకీబాయి మెత్తగా. "ఆక్సిజన్ తగ్గితే మొదట పోయేది చెయ్యి కాదు, కాలు కాదు. 'నాకు బాగలేదు' అని చెప్పేటోడు లోపల ఒకడుంటడు చూడు, ముందు వాడు పోతడు. వాడు పోయినంక అంతా హుషారే." గ్రేస్ వైపు తిరిగింది. "పోయిన వారం నేను తప్పు ప్రశ్న అడిగిన. ఏం చూసినవ్ అన్న. ఏం విన్నవ్ అని అడగాలె. ఫైల్ల ఏం రాస్తనో తెలుసునా? తెర మీద పచ్చగున్నా మనిషి గొంతు విని ఆపింది అని రాస్త. ఇగ ముందు కన్సోల్ ముందు కూసునేటోళ్లందరికి గదే నేర్పమని కూడ రాస్త."

విక్రాంత్ గ్రేస్ ముందుకొచ్చి నిలబడ్డాడు.  "ఉప్మా మంచిగనే తిన్నవు," అన్నాడు.

ఆమె ఫక్కున నవ్వింది. మొగిలి కూడా నవ్వాడు. "మా మొండయ్య మూడు రోజులు తిట్టిండు కొడుకా. నాలుగో రోజు కోడి కోసి పిలిచిండు."

"నేను పుంజునే కోస్త పెద్దాయనా!"

గ్రేస్ కుర్చీలో వెనక్కి వాలింది. ఒంట్లో ఎక్కడెక్కడో బిగుసుకున్నవి విడిపోతున్నాయి. విచిత్రంగా గెలిచానని అనిపించలేదు. తన మాట తనకు తిరిగి దొరికిందనిపించింది. చెయ్యి ఎందుకు లేచిందని అడిగితే ఇప్పుడు చెప్పగలదు. విన్నది బాపు దగ్గర. లేచింది మాత్రం తన చెయ్యే. రెండూ నిజమే, ఒకదానికొకటి అడ్డం కాదు. ఇంత చిన్న సంగతి అర్థమవడానికి పంతొమ్మిది రోజులు పట్టింది.

వంశీధర్‌రావు మాత్రం ఇంకా డేటా బాక్సు దగ్గరే ఉన్నాడు, పీకిన వైరు చేతిలో పట్టుకుని.

"సార్," అంది గ్రేస్. "లెవ్వండ్రి. అందరం కలిసి సరిచేద్దాం. ఒక్క లైను. ఎన్ని సెకన్లో రాస్తే అయిపోతది."

ఆయన తలెత్తాడు. మొహంలో నెత్తురు లేదు.

"కాపీ ఇంకొకటున్నది గ్రేస్. ఎండకాలంల డాక్టరమ్మ వాళ్ల సంస్థ పెద్ద సెంటర్‌కు పంపినం. గీ సాఫ్ట్‌వేరే."

జానకీబాయి చేతిలోని కలం ఆగింది. నెమ్మదిగా గోడ గడియారం వైపు తల తిప్పింది.

"అక్కడ ఇయ్యాల పొద్దున ఆరింటికి ఇద్దరు లోపలికి పోయిన్రు," అంది. "నేనే సంతకం పెట్టిన."

ఆరో గంట, అనుకుంది గ్రేస్.

వంశీధర్‌రావు లేచి ఫోన్ తీశాడు, నంబరు నొక్కి స్పీకర్‌లో పెట్టాడు. మోగుతోంది. "నేను చెప్తె ఆపుతరా?" అంటున్నాడు. "కమిటీ నుంచి లెటర్ పోవాలె, మెయిల్ పోవాలె. వాళ్ల రూల్ ప్రకారం..." జానకీబాయి తన ఫోన్ తీసి ఎవరికో చేస్తోంది, ఆ లైను బిజీ. మోగుతోంది, ఇంకా మోగుతోంది.

అటువైపు ఎత్తారు. "హలో, కంట్రోల్ రూమ్."

వంశీధర్‌రావు జానకీబాయి వంక చూశాడు.

"హలో? కరీంనగర్ నుంచేనా అండీ? ఇక్కడంతా బ్రహ్మాండంగా ఉంది సార్, అన్నీ గ్రీనే. లోపలున్నవాళ్లు కూడా మంచి హుషారు మీదున్నారు. ఒకాయన అరగంట నుంచి పాటలు! వినబడుతోందా? ఇదిగో..."

మైకు ఎక్కడికో దగ్గరగా జరిపినట్టు గరగరమంది. దూరంగా ఒక మగగొంతు పాట పాడుతోంది. రెండో మనిషి నవ్వుతున్నాడు. పాటలో నవ్వడానికి ఏమీ లేదు. అయినా ఆగకుండా నవ్వుతున్నాడు.

గ్రేస్ లేచింది. ఎవరినీ అడగలేదు. వంశీధర్‌రావు చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"హోల్డ్ నొక్కండి. ఇప్పుడే. తెర చూడొద్దు, నొక్కండి."

"ఏమైందండీ? అసలు ఎవరు చెబుతున్నారని రాసుకోవాలి?"

అద్దం వెనక ఆరిన దీపం కనిపిస్తోంది. దాని పక్కన అద్దంలో బాపు నీడ.

"రాసుకోండి," అంది గ్రేస్. గొంతు వణకలేదు. "గ్రేస్. మందమర్రి మొగిలి బిడ్డను. అక్టోబర్ పదిహేడు. పదకొండు నలభై రెండు. నేను చూసి చెప్తున్న."